సోలార్ ప్లాంటు వద్దన్న ఊరి మాట కూడా విందాం



ఈ పత్రికలో మేము మామూలుగా బీపీ, షుగరు, బాలింతల ఆహారం, వడదెబ్బ వంటి విషయాలు రాస్తుంటాము. ఈసారి సోలార్ కరెంటు గురించి రాస్తున్నాము. ఆసుపత్రి పత్రికలో దీనికేం పని అని కొందరికి అనిపించవచ్చు. కాని ఈ ప్రశ్నను మా దగ్గరికి తెచ్చింది రోగులే.

కొంతకాలం క్రితం మంచిర్యాలకు దూరంగా ఉన్న ఒక ఊళ్ళో వైద్య శిబిరం పెట్టాము. అక్కడి భూముల బేరం ఇంకా తెగలేదు కనుక ఊరి పేరు రాయడం లేదు. వేపచెట్టు కింద బల్ల వేసుకుని బీపీ చూస్తుంటే, వరుసలో నిలబడ్డవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఒకే సంగతి అడిగారు. "సిస్టరమ్మా, మా చెలకల్ల సోలార్ అద్దాలు పెడ్తరట. గవి పెడితే క్యాన్సర్ వస్తదట గదా?" అని ఒకరు. "వానలు పడయట" అని ఇంకొకరు. "కడుపుతోని ఉన్నోళ్ళకు మంచిది గాదట" అని ఒక కోడలు. మాకు తెలిసినంతవరకు జవాబు చెప్పాము. అందరూ తల ఊపారు గాని ఎవరి ముఖంలోనూ భయం తగ్గలేదు.

మందుల పెట్టె సర్దుకుంటుండగా ఒక పెద్దావిడ దగ్గరికి వచ్చింది. "గవన్నీ నాకు తెల్వదు సిస్టరమ్మా. నాకు భూమి లేదు. ఇరవై మేకలున్నయి. కంచె ఏసినంక యాడ మేపాలె?" అని అడిగింది. దానికి మా దగ్గర జవాబు లేదు.

నర్సింగ్ చదువులో మొదట నేర్పేది రోగి మాట వినడం. రోగి మొదట చెప్పే బాధ వేరు, లోపలున్న బాధ వేరు కావచ్చు. తలనొప్పి అని వచ్చిన తల్లిని నిదానంగా అడిగితే ఇంట్లో బియ్యం లేవని తెలుస్తుంది. తలనొప్పి అబద్ధం కాదు, కాని మాత్ర ఇచ్చి పంపితే సరిపోదు. ఆ ఊళ్ళో క్యాన్సర్ అన్న మాట కూడా ఇలాంటిదేనని మా అభిప్రాయం. మేత పోతుందని చెబితే వినేవారు లేరు. రోగం వస్తుందని చెబితేనైనా పెద్దవాళ్ళు ఆగి వింటారని జనం ఆశ. కాబట్టి భయానికి జవాబు చెప్పాలి, నష్టానికి పరిహారం చూపాలి. ఈ రెండూ వేరు వేరు పనులు. ఒకటి చేసి రెండోది చేశామనుకోకూడదు.

భయాలకు జవాబు

ముందుగా భయాల సంగతి. సోలార్ ప్యానెల్‌లో ఎక్కువగా ఉండేది గాజు, అల్యూమినియం చట్రం, సిలికాన్ బిళ్ళలు. ఎండ వెలుగు తగిలితే వాటిలో కరెంటు పుడుతుంది. పొగ లేదు, మంట లేదు, బూడిద లేదు. ఎక్స్‌రే గదిలో ఉండే రకం కిరణాలు వీటినుండి రావు. మా ఆసుపత్రి మేడ మీద కూడా కొన్ని ప్యానెళ్ళు ఉన్నాయి, వాటి కిందనే ప్రసూతి వార్డు ఉంది. గర్భిణులకు గాని, పసిపిల్లలకు గాని వాటివల్ల క్యాన్సర్ వస్తుందనడానికి ఆధారం లేదు.

వానల మాట కూడా అంతే. మన వానలు నైరుతి రుతుపవనాలతో సముద్రం మీదనుంచి వస్తాయి. వంద ఎకరాల ప్యానెళ్ళు వాటిని ఆపలేవు.

వేడి విషయంలో మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేము. అమెరికాలోని అరిజోనా ఎడారిలో చేసి 2016లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ప్లాంటు లోపల రాత్రివేళ గాలి చుట్టుపక్కల కంటే 3 నుండి 4 డిగ్రీలు వెచ్చగా ఉన్నట్టు తేలింది. ప్లాంటుకు దూరం జరిగేకొద్దీ ఈ తేడా తగ్గిపోతుంది. కాని మే నెలలో 45 డిగ్రీలు దాటే మన జిల్లాలో ఇళ్ళ గోడలకు ఆనించి ప్యానెళ్ళు పెట్టవద్దని, ఊరికీ కంచెకూ మధ్య దూరం వదిలి చెట్లు నాటాలని అడగడం న్యాయమైన కోరికే.

పగిలిన ప్యానెళ్ళ గురించి కూడా చెప్పాలి. వాటి అతుకుల్లో కొంచెం సీసం ఉంటుంది. కొన్ని రకాల్లో కాడ్మియం అనే లోహం కూడా ఉంటుంది. గాజు మధ్య మూసి ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. పగిలినవాటిని వాగులో పారేయకూడదు, పిల్లలు ఏరుకోకూడదు. 2023 ఏప్రిల్ నుండి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ ప్యానెళ్ళను కూడా చేర్చారు. పాతబడినవాటిని ఎవరు తీసుకెళ్తారో ముందే కాగితం మీద రాయించుకోవాలి.

నష్టాల సంగతి

ఇక అసలు బాధ. మన దేశంలో ఒక మెగావాటు సోలార్ కరెంటుకు సుమారు నాలుగైదు ఎకరాలు కావాలి. 50 మెగావాట్ల ప్లాంటు అంటే 200 నుండి 250 ఎకరాలు. అంత భూమి ఒకే కంచెలోకి పోతుంది. కాగితాల్లో అది బీడు, పనికిరాని భూమి. ఊరివాళ్ళకు అది పనికిరానిది కాదు. గొర్లు, మేకలు మేసేది అక్కడే. పొయ్యిలోకి కట్టెలు అక్కడినుంచే. కార్తీకంలో సీతాఫలాలు, ఎండాకాలంలో తునికాకు అక్కడే. బర్లు చెరువుకు పోయే బాట కూడా అందులోంచే. బంచరాయి మీద ఎవరి పేరూ ఉండదు గనుక, అది పోతే ఎవరికీ నష్టం లేనట్టు లెక్క రాస్తారు.

మేక అంటే పేదింట్లో బ్యాంకు వంటిది. రాత్రివేళ కాన్పు కష్టమై వచ్చిన కుటుంబాలు మరునాడు ఒక మేకను అమ్ముకొచ్చి బిల్లు కట్టడం మేము ఎన్నోసార్లు చూశాము. ఆ మేకలు లేని ఇల్లు అప్పు చేస్తుంది, లేదా ఆసుపత్రికి రావడం వాయిదా వేస్తుంది. వాయిదా వేసిన జబ్బు ముదిరి వస్తుంది. అందుకే మేత భూమి కూడా ఆరోగ్య విషయమేనని అంటున్నాము.

భూమి ఉన్నవారికి కౌలు గాని ధర గాని వస్తుంది. ఆ భూమిలో పత్తి ఏరి, కలుపు తీసి బతికే కూలీలకు ఏమీ రాదు. ప్లాంటు కట్టే కొన్ని నెలలు పని దొరుకుతుంది. తర్వాత కావలి కాయడానికి, గడ్డి కోయడానికి, ప్యానెళ్ళు కడగడానికి కొద్దిమంది చాలు. కడగడానికి నీళ్ళు ఎక్కడినుంచి తెస్తారన్నది ఇంకో ప్రశ్న. ఎండాకాలంలో తాగే బోర్లు ఎండిపోయే ఊళ్ళో ఈ ప్రశ్న చిన్నది కాదు.

ఇతర చోట్ల జరిగినది

ఇది మన దగ్గర మొదలైన గొడవ కాదు. అప్పటి అనంతపురం జిల్లాలోని నంబులపూలకుంటలో (ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా) పెద్ద సోలార్ పార్కు పెట్టినప్పుడు, ఏళ్ళ తరబడి దున్నుకుంటున్నా చేతిలో పట్టా లేని రైతులు పరిహారం దగ్గర వెనకబడిపోయారు. ఆందోళనలు చేశారు, కోర్టు మెట్లెక్కారు. వాళ్ళు అడిగింది ఎండ కరెంటు వద్దని కాదు, మా సాగును లెక్కలోకి తీసుకోండి అని. మన వైపు లావణి పట్టాలతో, ఏ పట్టా లేకుండా సాగుచేసుకునే కుటుంబాలకు ఈ కథ బాగా అర్థమవుతుంది.

కర్ణాటకలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎక్కువగా ఉండే పావగడలో ఇంకో పద్ధతి అనుసరించారు. 2018లో ప్రారంభమైన ఆ సోలార్ పార్కు సుమారు 13,000 ఎకరాల్లో ఉంది, సామర్థ్యం 2,000 మెగావాట్లు. అక్కడ రైతుల భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్ళకొకసారి 5 శాతం పెంచేలా ఒప్పందం చేసుకున్నారు. కరువుతో అల్లాడే ప్రాంతంలో చాలామంది రైతులకు ఇది ఊరట. భూమి పేరు కూడా వాళ్ళదే. ఇది మంచి పద్ధతి అని మేము ఒప్పుకుంటాము. కాని అక్కడ కూడా కౌలు డబ్బు భూమి ఉన్నవారికే అందింది. కూలీలకు పొలం పని తగ్గింది, కాపరులకు మేత తగ్గింది. కొందరు జీవాలను అమ్ముకున్నారు. అంటే భూమి యజమానికి న్యాయం చేసినంత మాత్రాన ఊరికి న్యాయం చేసినట్టు కాదు.

మన బొగ్గు నేలలో

బొగ్గు వద్దు, సోలార్ వద్దు అంటే కరెంటు ఎక్కడినుంచి వస్తుందని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మా ఆపరేషన్ థియేటర్‌కు, పిల్లల వార్మర్‌కు, టీకాల ఫ్రిజ్‌కు కరెంటు కావాలి. మన సంఘ కుటుంబాల్లో చాలామంది గని జీతంతోనే పిల్లలను చదివించారు. ఆ అన్నాన్ని మేము తక్కువ చేయడం లేదు. కాని దుమ్ముతో, పొగతో ఊపిరాడక నెబ్యులైజర్ కోసం వచ్చే పెద్దలను, పిల్లలను రోజూ చూసేది కూడా మేమే. బొగ్గు మీద భారం కొంతైనా తగ్గితే మా వార్డులకు అంతకంటే మంచి వార్త లేదు. కాబట్టి మేము సోలార్‌కు వ్యతిరేకం కాదు, సంతోషంగా ఒప్పుకునేవాళ్ళమే.

అది ఎక్కడ పెట్టాలన్నదే మా ప్రశ్న. జవాబు కూడా మన పక్కనే ఉంది. రామగుండం ఎన్‌టీపీసీ రిజర్వాయరులో నీటి మీద తేలే 100 మెగావాట్ల ప్లాంటు 2022 జులైలో పూర్తిగా పనిలోకి వచ్చింది. సుమారు 500 ఎకరాల నీటి మీద అది పరచుకుని ఉంది. దానివల్ల ఏడాదికి 1,65,000 టన్నుల బొగ్గు ఆదా అవుతుందని, సుమారు 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని ప్రభుత్వం ప్రకటించింది. సింగరేణి సంస్థ జైపూర్ థర్మల్ కేంద్రం వద్ద, మందమర్రిలో, రామగుండం ప్రాంతంలో తన సొంత భూముల్లో సోలార్ ప్లాంట్లు పెట్టింది. ఓపెన్‌కాస్టుల పక్కన మన కళ్ళెదుట గుట్టలుగా పెరిగిన మట్టి ఎంత ఉందో అందరికీ తెలుసు. ఒకసారి గని కోసం పోయిన నేల ఉండగా, ఇంకా పచ్చగా ఉన్న చెలకను, బంచరాయిని ముందు అడగడం ఎందుకు? నీటి మీద పెట్టినా అక్కడ చేపలు పట్టుకునేవాళ్ళను అడగాలి, మట్టి గుట్ట మీద పెట్టినా అది గట్టిపడిందో లేదో చూడాలి. అయినా మొదట వెతకవలసింది అక్కడే.

ఇంకొక తేడా గమనించాలి. ఓపెన్‌కాస్టు తవ్వాలంటే 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. టెంటు వేస్తారు, అధికారులు వస్తారు, ఊరివాళ్ళు మైకు పట్టుకుని మాట్లాడతారు. ఆ సభలో అన్న మాటలన్నీ నెరవేరాయని మేము అనడం లేదు. కాని మాట చెప్పుకునే చోటు ఒకటుంది. సోలార్ ప్లాంట్లను కేంద్ర పర్యావరణ శాఖ ఆ నోటిఫికేషన్ పరిధిలోకి తేలేదు. పొగ లేదు కనుక సభ అక్కరలేదు అన్నట్టు అయింది. అలాగే 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రభుత్వం భూమి సేకరిస్తే, ఆ భూమి మీద మూడేళ్ళుగా బతుకుతున్న కూలీలను, కౌలుదారులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కంపెనీ నేరుగా రైతుతో మాట్లాడుకుని కొన్నప్పుడు, కౌలుకు తీసుకున్నప్పుడు ఆ కూలీల పేరు ఎవరూ ఎత్తరు. మాట చెప్పుకునే చోటు లేని ఊళ్ళోనే పుకార్లు పుడతాయి. క్యాన్సర్ మాట పుట్టింది అలాగే.

నాబోతు తోట

సంఘ కుటుంబాలకు నాబోతు కథ తెలుసు. మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయంలో ఉంది. రాజైన అహాబు తన కోట పక్కనున్న ద్రాక్షతోటను కూరతోటకు అడిగాడు. ఊరికే అడగలేదు. ఇంతకంటే మంచి తోట ఇస్తానన్నాడు, కావాలంటే వెల కడతానన్నాడు. పితరుల భూమి అని నాబోతు ఇవ్వలేదు. అడగడం అంతవరకు తప్పు కాదు. కాదన్న మాటను ఓర్చుకోలేకపోవడం దగ్గర పాపం మొదలైంది. తర్వాత యెజెబెలు దొంగసాక్షులను తెచ్చి ఏమి చేయించిందో మనకు తెలుసు.

భూమి అడిగే ప్రతివాడూ అహాబు అని మేము అనడం లేదు. అవసరమైన కరెంటు కోసం మర్యాదగా అడిగేవాళ్ళూ ఉన్నారు. కాని కాదన్నవాళ్ళను చదువులేనివాళ్ళని, అభివృద్ధికి అడ్డం పడుతున్నారని ముద్ర వేస్తే, అది నాబోతు మీద తెచ్చిన సాక్ష్యం వంటిదే అవుతుంది. అలాగే మన వైపునుంచి, లేని రోగాలను చెప్పి జనాన్ని భయపెట్టడం కూడా అబద్ధ సాక్ష్యమే. ఆ పని ఎవరు చేసినా మేము ఒప్పుకోము. రేపు నిజంగా రోగం వచ్చిననాడు మన మాట ఎవరూ నమ్మరు.

మేము అడిగేది

ప్లాంటు పెట్టేవారిని మేము అడిగేది ఇది. సంతకాలకు ముందు గ్రామసభ పెట్టండి. భూమి ఉన్నవారినే కాక కాపరులను, కూలీలను, ఒంటరి ఆడవాళ్ళను పిలవండి. బర్ల బాట, చెరువు బాట, శ్మశానం బాట మూయకండి. భూమి వీలైతే కొనకుండా కౌలుకు తీసుకోండి. కంచె లోపల గడ్డి పెరిగితే గడ్డిమందు చల్లకండి. ఆ మందులు ఎంత ప్రమాదమో మా క్యాజువాల్టీకి తెలుసు. ప్యానెళ్ళను కాస్త ఎత్తున బిగించి గొర్లను మేయనివ్వండి. అమెరికా, ఆస్ట్రేలియా దేశాల్లో సోలార్ ప్లాంట్లలో గొర్లు మేపుతున్నారు. గడ్డి కోసే ఖర్చు తగ్గుతుంది, కాపరికి మేత దొరుకుతుంది. మేకలైతే పైకెక్కి తీగలు కొరుకుతాయి కనుక వాటికి వేరే చోటు చూపండి. ప్యానెళ్ళు కడిగే పని ఊరివాళ్ళకే ఇవ్వండి. ఎండాకాలంలో ఆ పని తెల్లవారుజామున చేయించండి. నీడ, తాగునీరు, ఓఆర్ఎస్ దగ్గర పెట్టండి.

ఊళ్ళవారికి కూడా రెండు మాటలు. చదవని కాగితం మీద వేలిముద్ర వేయకండి. కౌలు ఎన్నేళ్ళు, ఎంత పెరుగుతుంది, మధ్యలో కంపెనీ మారితే ఎవరు కడతారు, గడువు తీరాక ప్యానెళ్ళు, సిమెంటు దిమ్మెలు ఎవరు తీస్తారు, ఇవి అడిగి రాయించుకోండి. మీ సొంత బీడులో మీరే ప్లాంటు పెట్టుకునే దారి కూడా ఉంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన పీఎం-కుసుమ్ పథకంలో రైతులకు, రైతు సంఘాలకు 500 కిలోవాట్ల నుండి 2 మెగావాట్ల వరకు ప్లాంటు పెట్టి కరెంటు అమ్ముకునే వీలు కల్పించారు. మహిళా సంఘాల చేత 1,000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టిస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. కంచె బయట నిలబడి చూడటం కంటే తాళంచెవి మన చేతిలో ఉండటం మేలు కదా. మీ సంఘం లీడరును దీని గురించి అడగండి.

సంఘ పెద్దలకు, యౌవనస్థులకు మా మనవి. మీలో చదువుకున్నవాళ్ళు, వకీళ్ళు, రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాళ్ళు ఉన్నారు. నెలకొక ఆదివారం ఆరాధన తర్వాత ఒక గంట కూర్చుని ఇటువంటి కాగితాలు చదివి చెప్పండి. ఏ కులం, ఏ మతం అని చూడకుండా చెప్పండి. అది కూడా సేవే.

ఆ పెద్దావిడ గత నెల మోకాళ్ళ నొప్పికి మా ఓపీకి వచ్చింది. మేకలు ఎట్లున్నాయని అడిగితే, రెండు ఈనాయని చెప్పింది. ప్లాంటు సంగతి ఇంకా తేలలేదట. "మీటింగ్ పెడ్తమన్నరు, నన్ను పిలుస్తరో లేదో" అన్నది. మోకాళ్ళకు మందు రాసి ఇచ్చారు. ఆ మీటింగుకు ఆమెను పిలవడం మాత్రం ఆసుపత్రి చేయగల పని కాదు. ఊరి పెద్దలు, అధికారులు, కంపెనీవాళ్ళు చేయాలి. పిలిచి, కుర్చీ వేసి, ఆమె చెప్పేది చివరిదాకా వినండి. ఎండ అందరికీ దేవుడిచ్చిన వరం. దాని మేలు ఆమెకు కూడా అందాలని మా ప్రార్థన.

మీ సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్